‘లిటరల్లీ’ చచ్చిపోయినవాళ్ళు ఫోన్ ఎలా చేస్తున్నారు?

మా బంధువుల్లో రిటైరైన తెలుగు మాస్టారు ఒకాయన ఉన్నారు. ఇంజనీరింగ్ హాస్టల్లో ఉంటున్న మనవరాలు ఓ సాయంత్రం ఫోన్ చేసి, "తాతయ్యా, ఇవాళ వైవాలో నేను లిటరల్లీ చచ్చిపోయాను" అంది. "మరి ఈ ఫోన్ ఎవరు చేస్తున్నట్టు తల్లీ?" అన్నారాయన. స్పీకర్ ఆన్‌లో ఉంది కాబట్టి ఇంట్లో అందరూ నవ్వారు. ఆ పిల్ల మాత్రం తగ్గలేదు. "డిక్షనరీలోనే ఉంది తాతయ్యా, కావాలంటే చూసుకో" అంది. ఆయన చూసుకున్నారు. తర్వాత నాకు ఫోన్ చేసి "నిజంగానే ఉందోయ్" అన్నారు, అప్పు ఎగ్గొట్టినవాడే కోర్టులో గెలిచాడని విన్నవాడి గొంతుతో.

ఆ బాధ ఆయనొక్కరిదే కాదు. 2013 ఆగస్టులో ఇంగ్లిష్ ప్రపంచంలో ఇదే గొడవ పెద్దగా లేచింది. గూగుల్‌లో ‘లిటరల్లీ’ అర్థం వెతికితే, అక్షరార్థంతో పాటు ‘అక్షరాలా నిజం కాకపోయినా నొక్కి చెప్పడానికి వాడే మాట’ అన్న వివరణ కూడా కనిపించింది. పత్రికలు గగ్గోలు పెట్టాయి. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు తిరగేస్తే అందులోనూ ఉంది. తమాషా ఏమిటంటే, అక్కడ అది 2011 సెప్టెంబరు నాటి సవరణల్లోనే చేరిపోయింది. దాదాపు రెండేళ్ళు ఎవరి కంటా పడలేదు.

అప్పటి నుంచి "లిటరల్లీ అంటే లిటరల్లీ కాదని డిక్షనరీయే ఒప్పేసుకుంది" అనే మాట చక్కర్లు కొడుతూనే ఉంది. అందులో కొంత నిజముంది, కొంత పొరపాటుంది. రెండూ విడదీయాలంటే ముందు ఆ మాట పుట్టిన చోటికి వెళ్ళాలి.

## అక్షరం నుంచి పుట్టిన మాట

లాటిన్‌లో ‘లిట్టెర’ అంటే అక్షరం. ఇంగ్లిష్‌లోని లెటర్, లిటరేచర్, లిటరసీ అన్నీ ఆ వేరు నుంచి వచ్చినవే. ‘లిటరల్’ అంటే అక్షరానికి సంబంధించినది, ‘లిటరల్లీ’ అంటే అక్షరం ఏం చెబితే అలాగే.

మనకిది కొత్త కాదు. తెలుగులో ‘అక్షరాలా’ ఉంది, సంస్కృతంలో ‘అక్షరశః’ ఉంది. లాటిన్ వాళ్ళు ఏ మెట్టు మీంచి దిగారో మనమూ అదే మెట్టు మీంచి దిగాం. ఊళ్ళో ఎవరైనా ప్రోనోటు రాస్తుంటే చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది: ‘రూ. 50,000, అక్షరాలా యాభై వేల రూపాయలు’. ఇక్కడ ‘అక్షరాలా’ అలంకారం కోసం కాదు. అంకెలో ఓ సున్నా అటూ ఇటూ అయితే కొంప మునుగుతుంది కాబట్టి అదే మొత్తాన్ని అక్షరాల్లో కూడా రాస్తాం. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలోని 18వ సెక్షన్ ఈ మాటే అంటుంది: అంకెల్లో ఒకటీ మాటల్లో ఒకటీ ఉంటే, మాటల్లో రాసిందే మొత్తం. అలా తేడా ఉన్న చెక్కుని బ్యాంకు వాళ్ళు వెనక్కి పంపేయడమే మామూలనుకోండి. అంకెని అనుమానించినప్పుడు కూడా అక్షరాన్ని నమ్ముతాం అన్నది ఇక్కడి సంగతి. ‘లిటరల్లీ’కి ఉన్న మొదటి పరపతి కూడా ఈ నమ్మకమే.

ఇంగ్లిష్‌లో ఆ మాటకి మొదటి నుంచీ ఉన్న పని మాటకి మాట సరిపెట్టి అనువదించడం, గ్రంథంలోని వాక్యాన్ని ఉన్నదున్నట్టుగా అర్థం చేసుకోవడం. దాన్నే మనం ‘మక్కీకి మక్కీ’ అంటాం. ఉదాహరణకి ‘వాడు నీళ్ళు నమిలాడు’ అన్నదాన్ని ఇంగ్లిష్‌లో లిటరల్‌గా చెబితే, ఎవడో నోట్లో నీళ్ళు పోసుకుని పళ్ళతో కొరుకుతున్నట్టు వస్తుంది. జవాబు చెప్పలేక తడబడ్డాడన్న సంగతి మాత్రం రాదు. ఇలాంటిచోట ‘లిటరల్లీ’ని వాడితే పేచీ పెట్టేవాళ్ళు ఎవరూ లేరు.

## వాడుకలో అది చేసే పనులు

పేచీ ఎక్కడ మొదలవుతుందో చూడాలంటే కొన్ని వాక్యాలని వరసగా పెట్టుకోవాలి.

"ఆ సామెతని లిటరల్లీ ట్రాన్స్‌లేట్ చేస్తే నవ్వొస్తుంది." ఇది మొదటి పని, మాటకి మాట.

"మా ఇల్లు లిటరల్లీ రైలు పట్టాల పక్కనే." సాధారణంగా ‘పట్టాల పక్కనే’ అంటే కాస్త దగ్గర అని అనుకుంటాం కదా. అలా కాదు, కిటికీ తెరిస్తే పట్టాలే అని చెప్పడానికి ఆ మాట వచ్చింది. వినేవాళ్ళు దీన్ని కాస్త తగ్గించుకుని అర్థం చేసుకుంటారేమోనని, తగ్గించుకోవద్దని చెప్పే పని ఇది. నా దృష్టిలో ఈ మాట అన్నిటికంటే బాగా పనికొచ్చేది ఇక్కడే.

"నీకు లిటరల్లీ ఇరవై సార్లు కాల్ చేశాను." ఇక్కడ నేల కాస్త జారుతుంది. కాల్ లాగ్ తెరిస్తే నిజంగా ఇరవై ఉండొచ్చు, పదకొండే ఉండొచ్చు. ‘వందసార్లు చెప్పాను’ అన్నప్పుడు ఎవరూ లెక్క అడగరు. కానీ ‘లిటరల్లీ వందసార్లు’ అంటే? చెప్పేవాళ్ళు లెక్కకి ఒట్టేస్తున్నారా, విసుగుకి ఒట్టేస్తున్నారా అన్నది గొంతుని బట్టి పోల్చుకోవాల్సిందే.

"వైవాలో లిటరల్లీ చచ్చిపోయాను." పూర్తిగా జారిపోయింది. ఎవరూ చావలేదు. ‘చచ్చిపోయాను’ అనేది ముందే ఒక అతిశయోక్తి, దాని మీద ‘లిటరల్లీ’ అని ముద్ర పడింది. గొడవంతా ఈ వాడకం గురించే.

దీని తర్వాత ఇంకో మెట్టు కూడా ఉంది. "నేను లిటరల్లీ ఇప్పుడే తిన్నాను", "లిటరల్లీ నాకేం తెలీదు" లాంటివి వింటున్నాం. ఇక్కడ అక్షరార్థానికి ఎదురుగా నిలబడటానికి ఉపమానం అంటూ ఏమీ లేదు. మాట పూర్తిగా ఊతపదం అయిపోయింది, ‘అదే మరి’, ‘అంటే’ లాగా. దీని గురించి పెద్దగా చెప్పుకోవడానికి ఏమీ లేదు, ప్రతి తరానికీ ఒక ఊతపదం ఉంటుంది.

## గంగలో పల్లె ఎలా ఉంటుంది?

నాలుగో వాక్యం పెద్దవాళ్ళని ఎందుకంత బాధపెడుతుందో చెప్పడానికి ఇంగ్లిష్ వ్యాకరణం కంటే మన ఆలంకారికుల, అంటే కావ్యంలో మాట ఎలా పనిచేస్తుందో చర్చించిన పాత పండితుల లెక్కే బాగా పనికొస్తుందనిపిస్తుంది నాకు. శబ్దానికి మూడు శక్తులు అంటారు వాళ్ళు: అభిధ, లక్షణ, వ్యంజన. అభిధ అంటే మాటకి నేరుగా ఉన్న అర్థం చెప్పే శక్తి. అలా వచ్చేది వాచ్యార్థం. అంటే ‘లిటరల్’ అర్థం. వ్యంజన అంటే పైకి అననిదాన్ని స్ఫురింపజేసే శక్తి, దానితో మనకిక్కడ పని లేదు.

లక్షణకి తరతరాలుగా చెప్పే ఉదాహరణ ఒకటుంది: ‘గంగాయాం ఘోషః’. గంగలో గొల్లపల్లె ఉంది అని. పారే నీళ్ళలో పల్లె ఉండదు కాబట్టి నేరుగా ఉన్న అర్థానికి దెబ్బ తగులుతుంది. దీన్ని ముఖ్యార్థ బాధ అన్నారు. అప్పుడు మనసు ఆ అర్థాన్ని వదిలి, దానికి సంబంధం ఉన్న ఇంకో అర్థానికి జరుగుతుంది: గంగ ఒడ్డున పల్లె ఉంది. మరి ‘ఒడ్డున’ అనే ఎందుకు అనలేదు? ‘గంగలో’ అంటే ఆ చల్లదనం, ఆ పవిత్రత పల్లెకి కూడా అంటుతాయి కాబట్టి. అది ప్రయోజనం. ముఖ్యార్థం పనిచేయకపోవడం, దానితో సంబంధం ఉండటం, వాడుకలో పాతుకుపోవడమో ఒక ప్రయోజనమో ఉండటం అనే మూడూ కుదిరితేనే లక్షణ అని 11వ శతాబ్దంలో మమ్మటుడనే ఆలంకారికుడు సూత్రీకరించాడు.

ఇప్పుడు మనవరాలి వాక్యం ఇందులో పెట్టి చూడండి. ‘చచ్చిపోయాను’: మాట్లాడుతోంది కాబట్టి ముఖ్యార్థ బాధ ఉంది. చావుకీ తీవ్రమైన అవస్థకీ సంబంధం ఉంది. వాడుకలో పాతుకుపోయింది కూడా. లక్షణ చక్కగా కుదిరింది. ఇక దాని ముందు ‘లిటరల్లీ’ పెట్టడమంటే ఏమిటి? ‘లక్షణ వైపు వెళ్ళకండి, వాచ్యార్థం దగ్గరే ఆగండి’ అని బోర్డు పెట్టి, ఆ పక్క సందులోంచే తను వెళ్ళిపోవడం. మాస్టారికి కష్టం కలిగింది చావు దగ్గర కాదు, ఆ బోర్డు దగ్గర.

1909లో అమెరికన్ రచయిత ఆంబ్రోస్ బియర్స్ కూడా ఇదే అన్నాడు, ఇంకాస్త ఘాటుగా. అతిశయోక్తి చెప్పడమే తప్పంటే, ఆ అతిశయోక్తి నిజమేనని హామీ కూడా ఇవ్వడం భరించరానిదని ఆయన గొడవ. 1926లో ఇంగ్లిష్ వాడుక మీద పెద్ద పుస్తకం రాసిన ఫౌలర్ వాదన ఇంకోలా ఉంటుంది: ‘అక్షరాలా కాదులెండి, మాటవరసకి అంటున్నాను’ అని చెప్పాల్సిన చోట, కాదనాల్సిన ఆ మాటనే తెచ్చి పెడుతున్నామని.

## ‘అర్థం తిరగబడింది’ అనడంలో పొరపాటు

అభ్యంతరంలో బలం ఉంది. కానీ దాని నుంచి చాలామంది ఒక తప్పు అడుగు వేస్తారు: ‘లిటరల్లీకి ఇప్పుడు ఉపమానంగా, మాటవరసకి అనే వ్యతిరేకార్థం వచ్చేసింది’ అంటారు. అది నిజం కాదు. పరీక్షించడం తేలిక. ‘వైవాలో లిటరల్లీ చచ్చిపోయాను’లో ఆ మాట తీసేసి ‘వైవాలో మాటవరసకి చచ్చిపోయాను’ అని పెట్టి చూడండి. వాక్యం చప్పబడిపోతుంది. మాట్లాడే మనిషి చెప్పదలుచుకున్నది అది కానే కాదు. ఆ చోట ‘నిజంగా’, ‘పూర్తిగా’, ‘అమ్మతోడు’ పెట్టండి, సరిపోతుంది. అంటే అక్కడ ‘లిటరల్లీ’ ఉపమానాన్ని ఉపమానమని చెప్పట్లేదు. ఉపమానం లోపల దూరి దాన్ని నొక్కుతోంది. చేస్తున్నది బరువు పెంచే పని.

నిఘంటువులు రాసింది కూడా ఇంతే. ‘లిటరల్లీ అంటే ఉపమానంగా’ అని రాయలేదు. నిజం కానిచోట కూడా నొక్కి చెప్పడానికి వాడుతున్నారని రాశాయి. తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ మొత్తం వివాదం దాని మీదే నిలబడి ఉంది.

ఇంకో సంగతి గమనించండి. ఈ నొక్కే పని జరగాలంటే పాత అర్థం బతికే ఉండాలి. ‘అక్షరాలా నిజం’ అన్న పరపతి లేకపోతే ఆ మాట పెట్టినందువల్ల బరువేం పెరగదు. కొత్త వాడకం పాత అర్థాన్ని చంపట్లేదు, దాని దగ్గర అప్పు తెచ్చుకుంటోంది. అప్పు ఎక్కువైతే పరపతి తరుగుతుందన్నది నిజమే, దాని సంగతి తర్వాత చూద్దాం.

పైగా అది ఏ మాటల ముందు వస్తోందో చూడండి. చచ్చిపోయాను, పిచ్చెక్కిపోయింది, తల పగిలిపోయింది. అన్నీ వాడి వాడి నలిగిపోయినవే. ‘నవ్వలేక చచ్చాం’ అంటే ఎవరూ ఉలిక్కిపడరు. అంత నలిగిన మాట కాబట్టే, పాత చీరకి గంజి పెట్టినట్టు, దాని ముందు ‘లిటరల్లీ’ చేరుతుంది.

## ఇది ఇన్‌స్టాగ్రామ్ తరం తెచ్చిన జబ్బేనా?

కాదు. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు ఇచ్చే పాత ఉదాహరణ 1769 నాటిది. ఫ్రాన్సెస్ బ్రూక్ అనే రచయిత్రి కెనడా నేపథ్యంలో రాసిన నవలలో ఒక పాత్ర, అందగత్తెల నడుమకి వచ్చిపడిన ఓ మగవాడి అదృష్టం గురించి చెబుతూ, అది ‘లిటరల్లీ లిల్లీ పూల మధ్య మేయడమే’ అంటుంది. మేయడం బైబిల్లోని పరమగీతం నుంచి తెచ్చుకున్న ఉపమానం. ఎవరూ గడ్డీ తినలేదు, పూలూ తినలేదు.

ఆ తర్వాత చేయి తిరిగిన పెద్ద రచయితలే వాడారు. డికెన్స్ వాడాడు. మార్క్ ట్వైన్ టామ్ సాయర్ కంచెకి సున్నం వేయించుకునే ఘట్టంలో, గాజుగోళీలూ గాలిపటమూ లాంటి సరుకు పోగేసుకున్న టామ్ ‘లిటరల్లీ’ ఐశ్వర్యంలో దొర్లుతున్నాడని రాశాడు. జేమ్స్ జాయిస్ ఒక కథ మొదటి వాక్యంలోనే, అతిథుల కోసం పరుగులు పెడుతున్న పనిమనిషి లిల్లీకి లిటరల్లీ కాలు నిలవలేదన్నట్టు రాశాడు. జాయిస్ దాన్ని ఊరికే వాడలేదంటారు విమర్శకులు: కథ చెబుతున్నది రచయితే అయినా ఆ మాట మాత్రం లిల్లీ నోటిది, ఆమె అయితే అలాగే అనేది కాబట్టి. ఆ లెక్కన అప్పటికే అది మామూలు జనం నోట్లో పాత మాట.

నిఘంటువుల సంగతీ అంతే. అమెరికాలో వెబ్‌స్టర్ పేరుతో 1909లో వచ్చిన పెద్ద నిఘంటువు ఈ మాటని అతిశయోక్తిగా వాడుతుంటారని రాసి, ‘అతను లిటరల్లీ ఎగిరాడు’ అనే ఉదాహరణ ఇచ్చింది. బియర్స్ తిట్టిన ఏడాదే. 2013లో పత్రికలు ఘోరం జరిగిపోయిందన్న సంగతికి అప్పటికి నూరేళ్ళు దాటాయి.

## నిఘంటువు ఎవరి పక్షం?

"డిక్షనరీలో ఉంది" అని మనవరాలు అన్నది గెలిచానన్న ధీమాతో. "డిక్షనరీలో ఎక్కించేశారు" అని మాస్టారు అన్నది మోసపోయానన్న బాధతో. ఇద్దరూ నిఘంటువుని జడ్జి అనుకున్నారు. నిఘంటువులు చేసేవాళ్ళు తమని తాము అలా అనుకోరు. ఊళ్ళో జనాభా లెక్కలు రాసుకునే మనిషి లాంటివాళ్ళు వాళ్ళు. ఇంట్లో ఎవరుంటే వాళ్ళ పేరు రాసుకుంటారు, ఉండటం మంచిదా కాదా అని చెప్పరు. అయితే పక్కన చిన్న గమనిక మాత్రం రాస్తారు: ఇది మాటల్లో వాడేది, దీని మీద అభ్యంతరాలున్నాయి అని. మనవరాలు ఆ గమనిక చదవలేదు. మాస్టారు అదొక్కటే చదివారు.

తెలుగువాళ్ళకి ఈ వాదన పరాయిది కాదు. జనం నోట్లో ఉన్న భాషే భాష అని గిడుగు రామమూర్తి పోరాడింది మన దగ్గరే. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ రోజు వేదికల మీద వ్యావహారికానికి జేజేలు కొట్టి, ఇంటికొచ్చి పిల్లల ‘లిటరల్లీ’ మీద గ్రాంథికవాదుల్లా విరుచుకుపడేవాళ్ళని నేను చూశాను. నేనూ అందులో ఒకణ్ణే, ఒకప్పుడు.

అయినా గిడుగు పేరు చెప్పి అంతా సరేననడం కూడా తొందరపాటే. జనం వాడుతున్నారు అన్నది ఒక ప్రశ్నకి జవాబు. వాడితే నష్టమేమైనా ఉందా అన్నది వేరే ప్రశ్న.

## మాటలు అరగడం కొత్త కాదు

నష్టం లేదనేవాళ్ళు చూపించే పెద్ద సాక్షి ‘వెరీ’. అది పాత ఫ్రెంచ్ నుంచి వచ్చింది, అసలు అర్థం ‘నిజమైన’. ‘రియల్లీ’, ‘ట్రూలీ’ కూడా నిజానికి ప్రమాణాలుగా బయలుదేరి, చివరికి బరువు పెంచే రాళ్ళుగా మిగిలినవే. ‘వెరీ గుడ్’ అన్నప్పుడు ‘సత్యంగా మంచిది’ అని ఎవరూ అనుకోరు. ‘లిటరల్లీ’ ఆ దారిలో కొంచెం వెనక నడుస్తోంది, అంతే అంటారు.

తెలుగు సాక్షులు ఇంకా రసవత్తరంగా ఉంటారు. ‘చాలా’ అన్న మాట ‘చాలు’ నుంచి వచ్చింది. సరిపోయేంత అని అర్థం. ఇప్పుడు ‘చాలా తిన్నాను’ అంటే సరిపోయేంత తిన్నానని కాదు, అంతకు మించి తిన్నానని. ‘తెగ తిరుగుతున్నాడు’లో ‘తెగ’ తెగడం నుంచి వచ్చింది, ఇప్పుడక్కడ తెగేది ఏమీ లేదు. ‘పిచ్చ కామెడీ’ అన్నవాడికి పిచ్చి లేదు. ‘నిజంగా ఎంత బాగుందో’ అన్నప్పుడు ఎవరూ అబద్ధమేమోనని అనుమానించి ఉండరు, అయినా ‘నిజంగా’ వస్తుంది.

ఏకంగా అర్థం తిరగబడిన మాట కావాలంటే వంటింట్లోకి వెళ్ళాలి. "బియ్యం నిండుకున్నాయి" అంటుంది ఇల్లాలు. నిండటం అంటే నిండటమే కదా. కానీ డబ్బా ఖాళీ. లేదు, అయిపోయింది అనడం అశుభమని ఆ మాట వాడారు, అదే స్థిరపడింది. ‘లిటరల్లీ’ వ్యతిరేకార్థం తెచ్చుకుందని కంగారుపడేవాళ్ళు, ‘నిండుకున్నాయి’ అని విని బజారుకి సంచి పట్టుకుని వెళ్ళేవాళ్ళే. ఒక్కరూ తికమకపడరు.

## అసలు చిక్కు ఎక్కడ?

‘సందర్భాన్ని బట్టి తెలిసిపోతుంది’ అన్నది సమర్థించేవాళ్ళ గట్టి వాదన. చాలా చోట్ల అది నిజం. చనిపోయిన మనిషి ఫోన్ చేయదు కాబట్టి తెలిసిపోతుంది. సందర్భం చేతులెత్తేసే చోట్లు వేరే ఉన్నాయి.

"నా ఫోన్ లిటరల్లీ పేలిపోయింది." పుట్టినరోజు శుభాకాంక్షలతో ఉక్కిరిబిక్కిరైందా? బ్యాటరీ పేలిందా? ఫోన్లు నిజంగా పేలిన సంఘటనలు ఉన్నాయి కాబట్టి ముఖ్యార్థానికి బాధ లేదు. బాధ లేకపోతే లక్షణకి దారి లేదు.

"వరదల తర్వాత వాళ్ళు లిటరల్లీ రోడ్డున పడ్డారు." ఉపాధి పోయిందనా, ఇల్లు కూలి రోడ్డు మీద పడుకుంటున్నారనా? వరద వార్తలో రెండూ సంభవమే. సాయం చేయాలనుకునేవాళ్ళకి ఇందులో ఏది నిజమో తెలియాలి. డబ్బు పంపాలా, టార్పాలిన్లు పంపాలా అన్నది దాని మీద ఆధారపడి ఉంది. పాత కాలపు ‘లిటరల్లీ’ అయితే ఒక్క మాటతో ఆ అనుమానం తీర్చేసేది. ఇప్పుడు అదే అనుమానాన్ని పెంచుతోంది.

డాక్టరు ముందు కూర్చుని "రాత్రి లిటరల్లీ ఊపిరి ఆగిపోయింది సార్" అన్నవాళ్ళ మాటా అంతే. భయంతోనా, నిద్రలోనా, ఎన్ని సెకన్లు అని డాక్టరు మళ్ళీ మొదటి నుంచి అడగాలి.

ఈ మూడింటిలో కలిసేది ఒకటుంది. ఉపమానంగా వాడే మాట నిజంగా కూడా జరగగలిగినప్పుడే చిక్కు వస్తుంది. ఆకాశానికెగరడం, చచ్చి మాట్లాడటం, కడుపు పగిలేలా నవ్వడం లాంటివాటి దగ్గర చిక్కు లేదు. పేలడం, రోడ్డున పడటం, ఊపిరాడకపోవడం, చేతులు కాల్చుకోవడం దగ్గర ఉంది. ‘వ్యాపారంలో లిటరల్లీ చేతులు కాల్చుకున్నాడు’ అంటే నష్టపోయాడని అనుకుంటాం. ఆ వ్యాపారం మిర్చి బజ్జీల బండి అయితే?

అందుకే అభ్యంతరం చెప్పేవాళ్ళ మూడు వాదనల్లో, అర్థం తిరగబడిందన్నది నిలబడదు, కొత్త తరం పాడు చేసిందన్నది 1769 ముందు నిలబడదు, కానీ ఒక పనిముట్టు మొద్దుబారుతోందన్నది నిలబడుతుంది. ‘నేనిప్పుడు అలంకారం చెప్పట్లేదు, ఉన్నదే చెబుతున్నాను’ అనడానికి ఇంగ్లిష్‌లో ఉన్న తేలికైన మాట అది. అది అరిగిపోతే ‘లిటరల్లీ అంటే, నిజంగా లిటరల్లీ’ అని రెండోసారి ఒట్టేయాల్సి వస్తుంది. ఇప్పటికే జనం అలా వేస్తున్నారు.

## తెలుగు నోట్లో లిటరల్లీ

మన నోట్లో పడ్డాక ఆ మాట ఇంకో రూపం కూడా తెచ్చుకుంది. ఇంగ్లిష్‌లో విశేషణం చివర ‘లీ’ చేర్చి చేసే పనిని తెలుగు ‘గా’ చేస్తుంది. అందుకే చాలామంది ఆ ‘లీ’ని తీసేసి మన తోక తగిలిస్తారు: జనరల్‌గా, ఫైనల్‌గా, యాక్చువల్‌గా, అలాగే లిటరల్‌గా. గమనిస్తే చిన్న తేడా ఒకటి కనిపిస్తుంది. ‘లిటరల్‌గా చెప్పాలంటే’ అన్నప్పుడు పాత అర్థం ఎక్కువగా వినిపిస్తుంది. ‘లిటరల్లీ ఏడ్చేశాను’ అన్నప్పుడు కొత్త బరువు ఎక్కువగా వినిపిస్తుంది. ఇది నా చెవికి తోచినది, ఎవరైనా కాదంటే వాదించను.

తెలుగుకి ఇంకో సదుపాయం ఉంది. ‘చచ్చినంత పనైంది’, ‘ప్రాణం పోయినట్టే అయింది’. ఆ ‘అంత పని’, ఆ ‘అట్టే’ చేరితే అతిశయోక్తికి అతిశయోక్తి, నిజాయితీకి నిజాయితీ. మనవరాలు ‘వైవాలో చచ్చినంత పనైంది తాతయ్యా’ అని ఉంటే మాస్టారు అయ్యో అని ఉండేవారు.

అయితే ఆయన పక్షాన పూర్తిగా నిలబడలేకపోవడానికి నాకో కారణం ఉంది. ‘సాక్షాత్తూ’ అన్న మాట. సంస్కృతంలో అది కంటికి సంబంధించినది, కళ్ళెదుటే అని అర్థం. ‘సాక్షాత్తూ కలెక్టరే వచ్చి చూశారు’ అంటే కలెక్టరు గారే స్వయంగా వచ్చారని. అచ్చంగా పాత ‘లిటరల్లీ’. కానీ తెలుగు ఇళ్ళల్లో, పెళ్ళిళ్ళలో ‘ఆవిడ సాక్షాత్తూ అన్నపూర్ణ’, ‘కోడలు సాక్షాత్తూ మహాలక్ష్మి’ అని ఎప్పటి నుంచో అంటున్నాం. అక్కడ ‘లాంటిది’ లేదు, ‘అన్నట్టు’ లేదు. ఉపమానం ముందు నిజమని ముద్ర వేయడమే. ఇంగ్లిష్‌వాళ్ళు ‘లిటరల్లీ’తో చేశారని మనం తప్పుపడుతున్నది, మనం ‘సాక్షాత్తూ’తో చేసి దానికి సంప్రదాయమని పేరు పెట్టుకున్నాం.

ఈ సంగతి మాస్టారికి ఎలా చెప్పాలా అనుకుంటుండగా, ఈమధ్య ఓ పెళ్ళిలో కలిశారు. తనకి శుక్లాల ఆపరేషన్ చేసిన డాక్టరు గారు కూడా అదే పెళ్ళికి వచ్చారు. మాస్టారు ఆయన చెయ్యి పట్టుకుని నా దగ్గరికి తీసుకొచ్చి, "నాకు చూపు తెప్పించింది ఈయనే. ఈయన సాక్షాత్తూ ధన్వంతరి" అని పరిచయం చేశారు.

సెలవులకి వచ్చిన మనవరాలు పక్కనే ప్లేటు పట్టుకుని నిలబడి ఉంది.

"లిటరల్లీనా తాతయ్యా?" అంది.